సగం పిస్తోలు, సగం కాపలాదారు

నా కర్రను సర్కారు రంపంతో కోయించింది. ఇది ఫిర్యాదు కాదు, జరిగిన సంగతి. కాదనేవాడు కొండ్రుపాలెంలో లేడు.

మా ఊరి సహకార పరపతి సంఘాన్ని అందరూ సొసైటీ అంటారు. నేను దానికి కాపలాదారుణ్ణి. ముందు గదిలో అప్పులిస్తారు. వెనక గోడౌన్లో విత్తనాలు, ఎరువులు ఉంటాయి. నగల మీద కూడా అప్పులిస్తారు గనక మధ్యలో ఒక ఇనప్పెట్టె ఉంది. దాని జోలికి ఇంతవరకూ ఏ దొంగా రాలేదు. దాని తలుపు తీయడం సెక్రటరీకే సరిగ్గా చేతకాదు.

గోడౌన్ మీదికి మాత్రం రోజూ ఒకడొస్తాడు. వాడు ఆంబోతు. దేవుడి పేరున అచ్చేసి వదిలారు. వాణ్ణి కట్టేయకూడదు, దున్నకూడదు, అమ్మకూడదు. వేరుశనగ విత్తనాల బస్తా ఏ మూలనున్నదీ వాడికి తెలిసినంతగా మా సెక్రటరీకి తెలియదు. వాడికీ ఆ బస్తాకూ మధ్య అడ్డం ఉన్నది నా కర్ర ఒక్కటే. దానితో వాణ్ణి కొట్టే పని కూడా ఉండేది కాదు. నేలమీద రెండుసార్లు తాటిస్తే చాలు, తోక తిప్పుకుని పోయేవాడు.

అది చండ్ర కర్ర. మా మామ తన దొడ్లో చండ్ర చెట్టు కొట్టించినప్పుడు ఇచ్చాడు. కొసన ఇనప పొన్ను తొడిగించాడు. మా ఆవిడ గురవమ్మకు మంచంలో ఉన్న రోజుల్లో మాట పడిపోయింది. నాతో పని పడితే ఆ పొన్నుతో నేల మీద కొట్టేది. ఒకసారి కొడితే మంచినీళ్ళు. రెండుసార్లు కొడితే నేనేదో తప్పు చేశానని. రెండుసార్లు కొట్టడమే ఎక్కువ. ఆమె పోయాక ఆ చప్పుడు నేనే చేసుకుంటూ గోడౌన్ చుట్టూ తిరిగేవాణ్ణి. ఆమె గురించి ఇంతకంటే రాయను.

ఎక్కడో ఒక సొసైటీలో దొంగలు పడ్డారు. అక్కడి కాపలావాడు నిద్రపోతున్నాడు. అందువల్ల మెలకువగా ఉన్న కాపలావాళ్ళందరికీ పిస్తోళ్ళు ఇవ్వాలని పైవాళ్ళు నిర్ణయించారు.

ఆ సర్క్యులర్‌ను మా సెక్రటరీ దక్షిణామూర్తి నిలబడి చదివాడు. "ఇందుమూలముగా తెలియజేయునది ఏమనగా, ప్రతి సంఘమును బడ్జెట్ రకము మరియు కస్టమైజబుల్ రకము అగు సెమీ ఆటోమేటిక్ పిస్తోళ్ళను పరస్పరము పోల్చి, సదరు తులనాత్మక నివేదికను మార్చి ముప్పదియొకటవ తేదీలోగా సమర్పించవలెను."

సొసైటీ అధ్యక్షుడు యల్లమందారెడ్డి చెవిలో పుల్ల తిప్పుకుంటూ విన్నాడు. "ఏందయ్యా అది? తెలుగులో చదువు."

"తెలుగేనండీ."

"మరి నాకెందుకు అర్థం కాలా?"

"సర్క్యులర్ కదండీ. అర్థమైతే అమలు చేయక్కర్లేదనుకుంటారని."

పిస్తోలు ఎవరికని అడిగాను.

"నీకేనయ్యా అంకయ్యా. దశ తిరిగింది నీకు," అన్నాడు యల్లమందారెడ్డి.

"నాకు కర్రుందిగా."

అంతవరకూ వాళ్ళకు కర్ర సంగతి గుర్తులేదు. దక్షిణామూర్తి కళ్ళజోడు సర్దుకున్నాడు. "ఒక పోస్టుకు ఒక ఆయుధం. ఆయుధస్థానం ఖాళీ అయితేగాని కొత్త ఆయుధానికి ఇండెంటు పెట్టడానికి వీల్లేదు. కర్ర సరెండర్ చెయ్యి."

"జేస్తే పిస్తోలు ఎప్పుడొస్తది?"

"పోల్చాక."

"అందాకా ఆంబోతును దేంతో తోలాలి?"

"నచ్చజెప్పు."

కర్రను ఇనప్పెట్టెలో భద్రపరచాలన్నారు. కర్ర పెట్టెకంటే పొడుగు. ఏటవాలుగా పెట్టినా పొన్ను వైపు మూరెడు బయటికే ఉంది. తలుపు మూతపడలేదు. ఆ మూరెడు వదిలేసి మిగతా కర్ర భద్రంగా ఉన్నట్టు సంతకాలు చేశారు. ఇలా రక్షణ మెరుగుపడ్డాక, తలుపు తెరిచిన ఇనప్పెట్టెకు నేను వట్టి చేతులతో కాపలా కాశాను.

ఆంబోతు పొద్దున్నే వచ్చాడు. నా ముఖం చూశాడు. నా చేతులు చూశాడు. లోపలికెళ్ళి తిన్నాడు.

నచ్చజెప్పాను. విన్నాడు. వింటూ తిన్నాడు.

పోల్చడమెలాగో చెప్పడానికి జిల్లా నుంచి సహాయ రిజిస్ట్రారుగారు వచ్చారు. ఆయన కుర్చీలో కూర్చుని కూడా వేదిక మీద నిలబడ్డట్టే మాట్లాడతారు. సర్క్యులర్ తీసి ఒక్కొక్క మాటా విప్పారు.

"సెమీ అనగా అర్ధ. ఆటోమేటిక్ అనగా స్వయంచాలితము. కావున ఇది అర్ధ స్వయంచాలిత పిస్తోలు. అనగా పనిలో సగము పిస్తోలు తనంతట తాను చేయును. మిగిలిన సగము ఉద్యోగి చేయవలెను. ఈ ఉద్యోగి పూర్తికాలమువాడా?"

"పార్ట్ టైమండీ. సగం," అన్నాడు దక్షిణామూర్తి.

సహాయ రిజిస్ట్రారుగారు లేచి నిలబడ్డారు. "సగం పిస్తోలు! సగం ఉద్యోగి! రెండునూ కలిసి ఒక పూర్తి రక్షణ! జిల్లాలో మరే సంఘమునకూ ఈ యోగ్యత లేదు!"

"అయ్యా, జీతమే సగం. కాపలా పగలూ రాత్రీ కాస్తన్నా," అన్నాను.

"అది నీ అలవాటు. రికార్డులో సగమే ఉంది."

యల్లమందారెడ్డికి ఒక లెక్క తట్టింది. "సార్, వీడు జేసే సగంలో సగం పిస్తోలే జేసేస్తే, వీడి జీతం పావు చెయ్యొచ్చా?"

"సముచిత సమయమున పరిశీలించెదము," అన్నారాయన. నాకేసి చూడలేదు.

తరువాత బడ్జెట్ దగ్గరికి వచ్చారు. బడ్జెట్ రకము అనగా చవకరకమని నేననుకున్నాను. నేను చదివింది ఊళ్ళో ఐదో తరగతి. ఆయన చదువు వేరు.

"బడ్జెట్ పిస్తోలు అనగా బడ్జెట్‌కు లోబడి పేలునది. మూడు మాసములకొకసారి తూటాలు విడుదలగును. వాడని తూటాలు మార్చి నెలాఖరుకు మురిగిపోవును."

"తూటాలు మురుగుతయ్యా సార్?" అన్నాడు యల్లమందారెడ్డి.

"నిధులే మురుగుచున్నవి. తూటాలెంత?"

"తూటాలు విడుదల గాకముందే దొంగొస్తే?"

"దరఖాస్తు పెట్టుకొని వేచియుండవలెను."

"ఎవురు సార్, మా అంకయ్యా? దొంగా?"

"ఇరుపక్షములును."

ఇక కస్టమైజబుల్. దక్షిణామూర్తి ఆ మాటను మూడు రకాలుగా పలికి చూశాడు. చివరికి సహాయ రిజిస్ట్రారుగారే తేల్చారు. "మూలపదము కస్టమరు. కస్టమరుకు అనుకూలమైనది అని భావము. సంఘమునకు కస్టమర్లెవరు? సభ్యులు. కావున మహాజన సభ జరిపి, పిస్తోలు ఎట్లుండవలెనో సభ్యుల అభీష్టము తెలుసుకొనుడు."

షామియానా వేశారు. మజ్జిగ పోశారు. అప్పు కట్టమంటే ఏనాడూ రానివాళ్ళంతా వచ్చారు.

పిడి పారపిడిలా ఉండాలని ఒకాయన అన్నాడు, అరచెయ్యి బొబ్బలెక్కదట. టార్చిలైటు ఉండాలన్నాడు ఇంకొకాయన. మడమ తిప్పి వెనక్కి నడుస్తూ కాల్చడానికి వీలుండాలన్నాడు ఒకడు. వాడు ఎవరినుంచి పారిపోతున్నాడో ఊరందరికీ తెలుసు. వాస్తు చూసే ఆయన లేచి, గొట్టం ఎప్పుడూ ఈశాన్యానికే ఉండాలన్నాడు. నైరుతికి పేలిస్తే సంఘానికి కలిసిరాదన్నాడు.

"దొంగ నైరుతిలో ఉంటేనో?"

"మర్యాదగా ఈశాన్యానికి పిలవాల. పిలిస్తే రాని దొంగుంటాడా?"

అప్పుడు కాలవ చివరి రైతులు లేచారు. "ఎప్పుడూ మాకే అన్యాయం. నీళ్ళు మాదాకా రావు. పిస్తోలైనా రావాల. ఎకరానికింతసేపని వంతులెయ్యండి."

"వంతులేస్తే మీరు తూముకాడే ఆపేసుకుంటారు!" అన్నారు కాలవ మొదటి రైతులు.

"ఆపేది మీరు! పిస్తోలు మీ పొలాల్లోంచే గదా రావాల!"

చొక్కాలు పట్టుకున్నారు. పిస్తోలు ఇంకా పుట్టలేదు, దాని వంతుకోసం ఇద్దరికి మూతులు వాచాయి. చివరికి పిస్తోలును కాలవ పొడుగునా సక్రమంగా పంపడానికి నీళ్ళు వదిలే లస్కరు లాంటివాణ్ణి ఒకణ్ణి వేయాలని తీర్మానించి చల్లబడ్డారు.

వెనక వరసలో నాసరమ్మ లేచింది. ఆమెకు రెండెకరాల వేరుశనగ. ఆ గోడౌన్లో విత్తనం మిగిలితేనే ఆమె చేలో పంట.

"అంతా బాగుందిగానీ సెక్రటరీగారా, అది పిస్తోలని ఆ ఆంబోతుకు ఎవురు జెప్తారు? అంకయ్యన్న కర్రంటే దానికి తెలుసు. పిస్తోలు చాపితే తినేదేదో పెడతన్నాడనుకుని ఇంకా దగ్గిరికొస్తది."

"ఆంబోతు సభ్యుడు కాదమ్మా. కస్టమరు కిందికి రాడు," అన్నాడు దక్షిణామూర్తి.

"ఎందుకు రాడు? మీ విత్తనాలు మా అందరికన్నా ఎక్కువ వాడేది ఆయనేగా!"

జనం నవ్వారు. నవ్వు తీర్మానాల్లోకి ఎక్కలేదు. నేను లేచి, నా కర్ర నాకిచ్చేయమన్నాను. ఎజెండాలో లేదన్నారు. జాతీయగీతం పాడించారు. జాతీయగీతం మధ్యలో మాట్లాడకూడదు గనక నిలబడే ఉన్నాను.

ఆ తరువాత చిక్కు వచ్చింది. రెండు రకాల పిస్తోళ్ళు ఎదురుగా ఉంటేగాని పోల్చలేరు. పోల్చితేగాని కొనకూడదు. దక్షిణామూర్తి ఫోను చేసి అడిగితే సహాయ రిజిస్ట్రారుగారు నమూనాలు చేయించమన్నారు. కొయ్యతో. కొయ్యకు డబ్బు మంజూరు లేదు. సంఘం దగ్గర ఉన్న కొయ్య ఏమిటని వెతికారు.

నాకు ఎవరూ చెప్పలేదు. పొద్దున నేను వెళ్ళేసరికి ఇనప్పెట్టె తలుపు పూర్తిగా మూసి ఉంది. అప్పుడు తెలిసింది.

వడ్రంగి బ్రహ్మయ్యాచారి కొట్టానికి వెళ్ళాను. పొట్టు మీద కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి బాడిసె కింద పెట్టాడు.

"మామా, నన్ను తిట్టొద్దు. సర్కారు పని. గాదంటే నా అప్పు అసలుతో సహా అడుగుతారు."

"పొన్నేది?"

"కస్టమరు పిస్తోలుకు గొట్టం కొసన బిగించా. అందంగా ఉండాలన్నారు." తల గోక్కున్నాడు. "చండ్ర గదా మామా, ఇనుమే అది. రంపానికి రెండు పళ్ళు పొయినయ్."

"నీకింకా ఉన్నయ్యిగా," అని వచ్చేశాను.

బడ్జెట్ నమూనా సాదాగా ఉంది. పొదుపుకోసం దానికి ట్రిగ్గర్ పెట్టలేదు. పేలేది లేనప్పుడు నొక్కేదెందుకని దక్షిణామూర్తి వాదన. కస్టమైజబుల్ నమూనాకు పారపిడి, పిడికి దారంతో కట్టిన టార్చిలైటు, ఈశాన్యం చూసుకోవడానికి పసుపుతో గీసిన బాణం గుర్తు. కొసన నా పొన్ను.

మార్చి నెలాఖరు రోజున పోలిక జరిగింది. గోడౌన్ ముందు సిమెంటు కళ్ళంలో బల్ల వేశారు. రెండు నమూనాలకూ బొట్టు పెట్టి చెరొక బంతిపూల దండ వేశారు. సహాయ రిజిస్ట్రారుగారు రాగానే మొదటి మాట తూటాల గురించి.

"ఈ సంఘమునకు కాగితము మీద తూటాలు విడుదలైయున్నవి. నేటి సాయంత్రములోగా వినియోగించనిచో మురిగిపోవును."

"ఇంకా కొనలేదు కదండీ," అన్నాడు దక్షిణామూర్తి.

"కొనకపోవుట వేరు. మురిగిపోవుట వేరు. వినియోగించుడు."

"కొయ్య పిస్తోలు పేలదండీ."

ఆయన కళ్ళు మూసుకుని ఆలోచించారు. "పేలుటకు రుజువేమి? శబ్దము. శబ్దము నోటితో చేయవచ్చును. ఢాం అనుడు."

నన్ను అనమన్నారు. మళ్ళీ ఆయనే చెయ్యెత్తి ఆపారు. "ఆగుము. మొత్తము ఉద్యోగియే అన్నచో సెమీ ఆటోమేటిక్ ఎట్లగును? ఢాంలో సగము పిస్తోలుది. పిస్తోలు తరఫున సెక్రటరీ 'ఢా' అనవలెను. ఉద్యోగి 'మ్' అనవలెను."

"సగం కాబట్టి అరసున్న పెడదామాండీ?" అన్నాడు దక్షిణామూర్తి.

"అరసున్న ఇప్పుడెవరును పలుకుట లేదు. పరిపాలన వాడుక భాషలో జరుగవలెను. మ్."

ఊరంతా ప్రహరీగోడ ఎక్కి కూర్చుంది. మొదట బడ్జెట్ నమూనా. నేను దాన్ని చాపి నిలబడ్డాను. నా వెనక దక్షిణామూర్తి.

"ఢా!"

"మ్."

"ఆలస్యము. పిస్తోలుకును ఉద్యోగికిని సమన్వయము కొరవడినది. మరల."

"ఢా!"

"మ్."

"అన్నా, గట్టిగా అను! సెక్రటరీదే ఇనబడతంది, నీది లోపలికి పోతంది!" అని గోడమీంచి నాసరమ్మ అరిచింది.

అలా కాగితం మీది తూటాలన్నీ కాల్చాం. దక్షిణామూర్తి గొంతు బొంగురుపోయింది. నాకేం కాలేదు. నా సగం తేలిక.

ఇక రెండోది. బడ్జెట్‌ను బల్ల మీద పెట్టించి, దండ తీసిన కస్టమైజబుల్‌ను నా చేతికిచ్చారు. పిడి పట్టుకున్నాను. పొన్ను మీద గురవమ్మ చేతిలో అరిగిన చోటు అలాగే ఉంది.

అంతలో గోడౌన్లోంచి బస్తా చిరిగిన చప్పుడు వచ్చింది. కాపలావాణ్ణి కళ్ళంలో నిలబెట్టి ఢాం అనిపిస్తుంటే గోడౌన్‌కు కాపలా ఎవరు? ఆంబోతు మూతినిండా వేరుశనగతో బయటికొచ్చాడు. బల్ల మీద బంతిపూల దండలు చూశాడు. బల్లకేసి నడిచాడు.

జనం గోడ అవతలికి దూకారు. సహాయ రిజిస్ట్రారుగారు వరండాలోని యూరియా బస్తాల మీదికి ఎక్కారు. యల్లమందారెడ్డి ఆయన కాలు పట్టుకుని తానూ ఎక్కాడు. దక్షిణామూర్తి స్తంభం వెనక్కి పోయాడు. ఆంబోతు దండలు తిని, బడ్జెట్ పిస్తోలును నాలుకతో ఒకసారి చూసి, తోసేసి, నావైపు తిరిగాడు.

"కాల్చుము! కస్టమైజబుల్‌తో కాల్చుము!" అని బస్తాల మీంచి కేక.

"ఢా!" అన్నాడు స్తంభం వెనకనుంచి దక్షిణామూర్తి.

ఆంబోతు ఆగాడు. మిగతా సగం కోసం నా ముఖంలోకి చూశాడు.

"ఉద్యోగి వాటా! మ్ అనుము!"

నేను అనలేదు.

"అంకయ్యా! నీ కాళ్ళు పట్టుకుంటానయ్యా! మ్ అను!" అన్నాడు యల్లమందారెడ్డి. ఆయన పట్టుకున్నది సహాయ రిజిస్ట్రారుగారి కాళ్ళు. "జీతం పావు చెయ్యనయ్యా! మ్ అను సామీ!"

అనలేదు. ఆంబోతు కొమ్ములు దించాడు. వాడి ఊపిరి నా చొక్కాకు తగిలింది.

నేను వంగాను. పిస్తోలు తలకిందులు చేసి, పొన్నుతో సిమెంటు మీద కొట్టాను. రెండుసార్లు.

ఆంబోతు చెవులు వెనక్కి పెట్టాడు. ఆ చప్పుడు వాడికి తెలుసు. మా ఇంట్లో నాకూ తెలుసు. తప్పు చేసినవాడు ఎవడైనా తల దించుకోవలసిందే. వాడు తోక తిప్పుకుని గేటు దాటి వెళ్ళిపోయాడు.

కాసేపు ఎవరూ దిగలేదు.

నివేదిక వారం తరువాత మార్చి నెలాఖరు తేదీ వేసుకుని వెళ్ళింది. దక్షిణామూర్తి సంబరంగా నాకే చదివి వినిపించాడు. "బడ్జెట్ రకము నోటికి శ్రమ తప్ప ఫలితమివ్వలేదు. కస్టమైజబుల్ రకము నేలకు తాకించినచో అద్భుత ఫలితమిచ్చినది. అయితే పొడవు చాలనందున ఉద్యోగి వంగవలసివచ్చుచున్నది. కావున, నేలనుండి ఛాతీ వరకు పొడవును, గట్టి కొయ్యతో నిర్మాణమును, కొసన ఇనప తొడుగును కలిగి, తూటాలు అవసరము లేని నూతన తరహా పిస్తోలును అన్ని సంఘములకును సరఫరా చేయవలసినదిగా సిఫారసు."

పైవాళ్ళు ఒప్పుకున్నారు. అలాంటి పిస్తోలు మన దగ్గర దొరకదట. టెండర్లు పిలిచారు. వచ్చేదాకా ఆంబోతుకు నచ్చజెప్పమన్నారు.

అంతా సవ్యంగా ముగిసేదే. నమూనాలను తిరిగి ఇనప్పెట్టెలో పెట్టబోయి చూస్తే కస్టమైజబుల్‌కు గొట్టం కొస లేదు. ప్రభుత్వ ఆస్తి అన్నారు. బ్రహ్మయ్యాచారిని అడిగారు. తాను గట్టిగానే బిగించానని, ఊడదీయాలంటే పట్టకారు, పగ ఉన్న మనిషి కావాలని చెప్పాడు. నాకు మెమో ఇచ్చారు. సహాయ రిజిస్ట్రారుగారు స్వయంగా వచ్చి ఎదురుగా కూర్చున్నారు.

"సదరు ఇనప తొడుగు ఏమైనదో నీకు తెలియునా?"

నేను చూస్తూ కూర్చున్నాను.

"నోటితో చెప్పనక్కర లేదు. తెలుసునన్నచో మ్ అనుము, చాలును."

పొద్దున్నే గురవమ్మ మంచం దగ్గర నేలమీద ఒకసారి చప్పుడవుతుంది. లేచి మంచినీళ్ళు తాగుతాను. అదెలాగవుతుందో ఎవరికీ చెప్పవలసిన పని లేదు. ఆ పిస్తోళ్ళ సంగతి ఇక ఎవరూ నన్ను అడగొద్దు. దాని మీద నేను మళ్ళీ నోరు విప్పను. మ్ అని కూడా అనను.